పందెపు కారుల శిల్పి విత్తోరియో యానో

1955 వ సంవత్సరం జులై 26 వ తేదీన ఇటలీ దేశంలోని ట్యూరిన్ నగరంలో ఒక వింత అప్పగింత జరిగినది. లాంచియా మోటారు కంపెనీ వారు తమ ఆరు పందెపు కారులను, వాటి విడిభాగాలను, నమూనా పటాలను, మూల్యం పుచ్చుకొనకుండ, నిన్నటివరకు తమకు ప్రత్యర్థి అయిన ఎంజో ఫెరారీకి ధారపోశారు. ఆ కారులతోబాటు వాటిని కల్పించిన 64 ఏండ్ల యంత్రశిల్పి కూడ ఫెరారీ పక్షానికి తరలిపోయాడు. ఆయన పేరు విత్తోరియో యానో.

ఆ తేదీకి ఒక పూర్వకథ ఉన్నది. సరిగా ముప్పది సంవత్సరాలకు ముందు, 1925 జులై 26 న, పారిస్ నగరానికి చేరువనున్న మోంలేరి పందెపు బాటమీద యానో నిర్మించిన కారునే నడుపుతూ ఆంటోనియో అస్కారీ అనే సుప్రసిద్ధ డ్రైవరు అసువులు బాశాడు. ట్యూరిన్ అప్పగింతకు రెండు మాసాల ముందు, మే 26 న, ఆంటోనియో కుమారుడు ఆల్బెర్టో అస్కారీ మోంజా బాటమీద మరణించాడు. చనిపోయేనాటికి తండ్రి వయస్సు 36 సంవత్సరాలు. కొడుకు వయస్సూ 36 సంవత్సరాలే. తండ్రి చేతికి కారు నిచ్చినవాడే ముప్పది ఏండ్ల తరువాత కొడుకు చేతికీ కారు నిచ్చాడు. కొడుకు కోసం సిద్ధమైన ఆ కారు పేరు డి 50. యానో జీవితంలోని సాహసమూ, విషాదమూ ఆ ఒక్క కారులో ఇమిడి ఉన్నవి.

యానో 1891 ఏప్రిల్ 22 న ట్యూరిన్‌కు సమీపమందలి సాన్ జోర్జియో కనవేసే అనే ఊరిలో జన్మించాడు. ఆ కుటుంబానికి మూలం హంగరీ దేశమని చెబుతారు. విశ్వవిద్యాలయపు పట్టం లేదు. సాంకేతిక పాఠశాలలో చదువుకొని, గీతపలక ముందు కూర్చుని పని నేర్చుకొన్నవాడు. పద్దెనిమిదేండ్ల ప్రాయంలో ట్యూరిన్‌లోని రాపిడ్ అనే చిన్న మోటారు కంపెనీలో నమూనాలు గీసే ఉద్యోగంలో చేరి, 1911 లో ఫియట్ కంపెనీకి మారాడు. ఆనాడు ఫియట్ అంటే ఇటలీలో మోటారు విద్యకు గురుకులం వంటిది. పన్నెండేండ్లు ఆయన అక్కడ ఉన్నాడు. లోకానికి ఆయన పేరు తెలియదు. తెలియనవసరమూ లేకపోయినది, పందెంలో గెలిచిన కారుకు కంపెనీ పేరు, దండ డ్రైవరు మెడకు. మధ్యనున్న మనిషికి జీతం.

1923 లో మిలాన్ నగరంలోని ఆల్ఫా రోమియో కంపెనీ వారు పి 1 అనే పందెపు కారును తయారు చేశారు. సెప్టెంబరులో మోంజాలో పరీక్షిస్తుండగా అది ఊగో సివోచ్చి అనే డ్రైవరు ప్రాణం తీసినది. మిగిలిన కారులను పందెంలో దింపకుండ వెనుకకు తీసుకొన్నారు. ఆ పందెంలో గెలిచినది ఫియట్. అప్పటికే ఫియట్‌ను విడిచి ఆల్ఫాకు వచ్చిన లుయీజి బాత్సీ అనే పనివాడు, తమకు కావలసిన మనిషి ట్యూరిన్‌లోనే ఉన్నాడని యానో పేరు సూచించాడు. ఆ పిలుపు మోసుకొని ట్యూరిన్‌లోని యానో ఇంటికి స్వయంగా వెళ్లినవాడు, అప్పుడు ఆల్ఫా పక్షాన డ్రైవరుగా ఉన్న పాతికేండ్ల యువకుడు ఎంజో ఫెరారీ. ఈ ఇద్దరి జీవితాలు అటుపిమ్మట ఎన్నోసార్లు విడిపోయి మళ్లీ కలిసినవి.

యానో మిలాన్ చేరిన కొద్ది మాసాలకే పి 2 కారు సిద్ధమైనది. ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసలో ఉన్న రెండు లీటర్ల ఇంజను. అందులోకి గాలిని బలవంతంగా కూరే సూపర్‌చార్జరు. సుమారు 140 అశ్వశక్తి. 1924 జూనులో క్రెమోనాలో మొదటి పందెంలోనే ఆంటోనియో అస్కారీ ఆ కారుతో గెలిచాడు. ఆగస్టులో ఫ్రాన్సు దేశపు లియోన్స్ నగరంలో జరిగిన మహాపందెంలో గెలుపు ముంగిట అస్కారీ కారు నిలిచిపోగా, కంపారీ అనే మరొక ఆల్ఫా డ్రైవరు నెగ్గాడు. ఈ కంపారీ భారీ విగ్రహం, సంగీతమంటే ప్రాణం. పందాలు లేని రోజుల్లో నాటకరంగం మీద పాటలు పాడేవాడు. 1925 లో ప్రపంచ విజేత బిరుదం ఆల్ఫా కంపెనీకి దక్కినది. అందుకు గుర్తుగా వారు తమ ముద్ర చుట్టూ విజయపత్రమాల చేర్చుకొన్నారు.

కాని ఆ సంవత్సరమే మోంలేరిలో, ముందంజలో ఉన్న ఆంటోనియో అస్కారీ కారు బాటపక్కన కర్రల కంచెకు తగిలి బోల్తా కొట్టినది. మిగిలిన ఆల్ఫా కారులు గెలిచే స్థితిలో ఉన్నా కంపెనీ వారు వాటిని ఆపి వేశారు. మిలాన్‌లో ఆంటోనియో కుమారుడు ఆల్బెర్టోకు అప్పటికి ఏడేండ్లు నిండి రెండు వారాలు కాలేదు.

ఇప్పుడు ఒంటి సీటు కారు అంటే ఏమిటో కొంచెం వివరించవలసి ఉన్నది. తొలినాళ్లలో పందెపు కారులో ఇద్దరు కూర్చునేవారు: ఒకరు డ్రైవరు, పక్కన మెకానిక్కు. చమురు కొట్టడానికి, టైరు మార్చడానికి, వెనుకనుంచి వచ్చేవారిని గమనించడానికి ఆ రెండవ మనిషి అవసరమయ్యాడు. 1925 నుంచి పెద్ద పందాలలో అతనిని దింపివేశారు. మనిషి దిగినా సీటు వెడల్పు మాత్రం కొన్నేండ్లపాటు అట్లాగే ఉండిపోయినది. ఆ వెడల్పంతా గాలికి అడ్డమే. డ్రైవరును కారు నడుమ కూర్చోబెట్టి, ఒడలిని ఒక్క మనిషి ప్రమాణానికి కుదించడం యానో తలపెట్టిన పని.

మొదటి ప్రయత్నం చేదు మిగిల్చినది. 1931 నాటి టైపు ఎ అనే కారులో ఆయన రెండు ఆరు సిలిండర్ల ఇంజనులను పక్కపక్కన అమర్చాడు. బలం ఉన్నది కాని దానిని అదుపులో ఉంచడం దుస్సాధ్యం. మోంజాలో సాధన చేస్తూ లుయీజి ఆర్కాంజెలీ అనే డ్రైవరు ఆ కారులో మరణించాడు. మరుసటి సంవత్సరం యానో పూర్తిగా వేరైన దారి పట్టాడు. ఒకే ఇంజను, 2.6 లీటర్లు, రెండు చిన్న సూపర్‌చార్జర్లు, సుమారు 215 అశ్వశక్తి. ఇంజనునుంచి వచ్చే శక్తిని గేర్లపెట్టె వెనుకనే రెండుగా చీల్చి, రెండు ఏటవాలు షాఫ్టుల ద్వారా చెరొక చక్రానికి పంపాడు. దానివలన వెనుక ఇరుసుమీద బరువు తగ్గినది. ఇదే పి 3. మహాపందాలలో కృతార్థత పొందిన తొలి నిజమైన ఒంటి సీటు కారు. 1932 జూనులో మోంజాలో తాజియో నువొలారీ తొలి పందెంలోనే దానిని గెలిపించాడు.

పి 3 కీర్తికి శిఖరం 1935 జులైలో జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ కొండబాట. జర్మను ప్రభుత్వపు అండతో తయారైన మెర్సిడెస్, ఆటో యూనియన్ కారులు బలంలో ఇటలీ కారును ఎంతో మించినవి. పి 3 అప్పటికే మూడేండ్ల ముసలిది. అయినప్పటికి నువొలారీ చిట్టచివరి చుట్టు వరకు వెంటాడాడు. ముందున్న మెర్సిడెస్ టైరు పగలగా ఆయన గెలిచాడు. ఆ విజయం నువొలారీదే అని లోకం అంటుంది. అది న్యాయమే, కాని ఇరవైరెండు చుట్లపాటు కొండమలుపుల్లో ఆ దెబ్బలన్నీ ఓర్చుకొన్న ఇరుసులను, చట్రాన్ని తలచుకొనేవారు తక్కువ.

అదే పి 3 జాతి కారులో 1933 లో మోంజాలో కంపారీ మరణించాడు. ఆ పందెంతో విరమించుకొందామని ఆయన అనుకొన్నాడట.

తరువాతి సంవత్సరాలు యానోకు అనుకూలించలేదు. జర్మను కారుల నెదుర్కొనడానికి 1937 లో ఆయన హడావుడిగా నిర్మించిన పన్నెండు సిలిండర్ల కారు విఫలమైనది. ఆల్ఫా కంపెనీ వారు ఆయనను తొలగించారు. పద్నాలుగేండ్ల సేవ ఒక్క ఓటమితో ముగిసిపోయినది. యాజమాన్యాల జ్ఞాపకశక్తి ఎప్పుడూ పొట్టిదే. యానో ట్యూరిన్‌కు తిరిగివచ్చి లాంచియాలో చేరాడు. వెనువెంటనే ప్రపంచయుద్ధం, పందాలు లేవు. పదిహేనేండ్లపాటు ఆయన మామూలు కారుల పనిలో గడిపాడు. 1950 లో వెలువడిన లాంచియా ఆరేలియా ఆ కాలపు కృషి ఫలితం. ఆరు సిలిండర్లను ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో అమర్చిన ఇంజనుతో అమ్మకానికి వచ్చిన మొదటి కారు అది. ఆ ఇంజను ఫ్రాంచెస్కో దె విర్జీలియో కృషి, పర్యవేక్షణ యానోది.

లాంచియా కంపెనీ స్థాపకుడు విన్‌చెంజో లాంచియా 1937 లోనే గతించాడు. యుద్ధానంతరం కంపెనీ పగ్గాలు చేపట్టినది ఆయన కుమారుడు జాన్ని, ముప్పై నిండని యువకుడు. తండ్రి స్వయంగా పందాలు నడిపినవాడైనా కంపెనీ ధనాన్ని పందాలకు ఒడ్డలేదు. కొడుకు ఒడ్డాడు. ట్యూరిన్‌లో ఆకాశాన్నంటే కార్యాలయ భవనం ఒక పక్క, పందెపు కారులు మరొక పక్క. 1953 లో మెక్సికో దేశం పొడవునా జరిగిన పందెంలో లాంచియా కారులు మొదటి మూడు స్థానాలు గైకొన్నవి. మొదట వచ్చినవాడు అర్జెంటీనాకు చెందిన ఫాంజియో. ఆ పందెంలోనే లాంచియా డ్రైవరు ఫెలీచే బొనెత్తో మరణించాడు. ఇక ఒంటి సీటు కారుల మహాపందెంలోకి దిగాలని జాన్ని నిశ్చయించాడు. 1954 నుంచి కొత్త నియమావళి అమలులోకి వస్తున్నది: సూపర్‌చార్జరు లేని ఇంజను అయితే రెండున్నర లీటర్లు మించరాదు. యానోకు అప్పటికి అరవై రెండేండ్లు దాటినవి. ఉద్యోగులు విశ్రాంతి కోరుకొనే వయస్సు.

ఆ వయస్సులో ఆయన తన జీవితంలోకెల్ల సాహసోపేతమైన కారును గీశాడు.

ఆనాటి పందెపు కారులన్నిటిలోను పెట్రోలు ట్యాంకు తోకలో, డ్రైవరు వీపు వెనుక ఉండేది. పందెం మొదట్లో ట్యాంకు నిండుగా ఉంటుంది. కారు వెనుకకు మొగ్గుతుంది. చివరికి ట్యాంకు ఖాళీ అవుతుంది; మొగ్గు మారుతుంది. మన ఎద్దుబండి తోలేవానికి ఈ సంగతి పాఠం చెప్పనవసరం లేదు: బస్తాలు వెనుకకు వేస్తే కాడి పైకి లేస్తుంది, ముందుకు వేస్తే ఎద్దుల మెడలు విరుగుతవి, బరువు ఇరుసుమీదికి సర్దితేనే బండి సాగుతుంది. పందెపు డ్రైవరు బండిలో బస్తాలు దారిపొడవునా కరిగిపోతూ ఉంటవి. మొదటి చుట్టులో నేర్చుకొన్న మలుపు ఇరవయ్యో చుట్టుకు వేరైన మలుపవుతుంది.

యానో ట్యాంకులను తోకనుంచి తీసి, కారుకు ఇరుపక్కల, ముందు వెనుక చక్రాల నడుమ, కావడి కుండలవలె వేలాడదీశాడు. పెట్రోలు ఎంత తరిగినా బరువు నడుమనే తరుగుతుంది, మొగ్గు మారదు. పైగా చక్రాల మధ్యనున్న ఖాళీలో సుడులు తిరిగే గాలిని ఆ ట్యాంకులు సాఫీచేస్తవి. గేర్లపెట్టెను, క్లచ్చిని వెనుక ఇరుసు దగ్గరికి తరలించాడు. ఇంజను ఎనిమిది సిలిండర్లది, వి ఆకారం. దానిని చట్రంమీద మోతబరువుగా పెట్టక, ఇంజనునే చట్రంలో ఒక భాగంగా చేసి ముందు చక్రాల ఒత్తిడిని దానిచేతనే మోయించాడు. అంతటితో ఆగలేదు. పి 3 నాటినుంచి వేధిస్తున్న ప్రశ్న ఒకటి ఉన్నది: ఇంజను ముందు, చక్రాలు వెనుక, నడుమ పోయే షాఫ్టుమీద డ్రైవరు ఎత్తుగా కూర్చోవలసి రావడం. ఇరవైరెండేండ్ల తరువాత యానో దానికి సమాధానం చెప్పాడు. ఇంజనును సుమారు 12 డిగ్రీలు ఏటవాలుగా తిప్పి పెట్టాడు. షాఫ్టు డ్రైవరు కింద కాక పక్కనుంచి వెళ్లినది. డ్రైవరు నేలకు అంత దగ్గరగా దిగి కూర్చున్నాడు. ఇంజను పనిలో ఎత్తోరే జాకోనే మీనా ఆయనకు కుడిభుజం. కారు మొత్తం బరువు సుమారు 620 కిలోగ్రాములు. శక్తి సుమారు 250 అశ్వశక్తి.

ఇంజను చేత చట్రపు పని చేయించడం ఆనాడు విపరీతంగా తోచినది. 1967 లో ఇంగ్లీషువారి లోటస్ 49 వచ్చిన తరువాత అది పందెపు కారుల ప్రపంచంలో మామూలు విద్య అయినది. అప్పటికి యానో లేడు.

డి 50 కి ఒక దోషం ఉన్నది. అది ఆ గుణంలోనుంచే పుట్టినది. బరువంతా నడుమ చేరినందున కారు చటుక్కున తిరుగుతుంది. చేతులు ముడుచుకొన్న నర్తకి వేగంగా తిరగడం అందరూ చూచినదే. ఇతర కారులు పట్టు తప్పేముందు కొంతసేపు జారి డ్రైవరును హెచ్చరిస్తవి. డి 50 వాటికంటె వేగంగా మలుపు తీసుకొనగలదు. కాని హద్దు దాటిన క్షణంలో హెచ్చరిక లేకుండ పట్టు విడిచివేస్తుంది. అంత సునిశితమైన కారును నడపడానికి అంత సునిశితమైన చేయి కావాలి. జాన్ని లాంచియా అట్టి చేతిని ముందే సంపాదించాడు. 1952, 1953 సంవత్సరాలలో ఫెరారీ కారుతో వరుసగా రెండుసార్లు ప్రపంచ విజేత అయిన ఆల్బెర్టో అస్కారీ 1954 ఆరంభంలో లాంచియాలో చేరాడు. మోంలేరిలో తండ్రిని పోగొట్టుకొన్న ఆ ఏడేండ్ల బాలుడే.

అస్కారీ వచ్చాడు కాని కారు రాలేదు. పరీక్షలు, మార్పులు, మళ్లీ పరీక్షలు. మే మాసంలో ఆయన లాంచియా వారి వేరొక రకం కారుతో మిల్లే మీలియా అనే వేయిమైళ్ల పందెం గెలిచాడు. మహాపందాలు మాత్రం ఒకదాని వెనుక ఒకటి దాటిపోయినవి. ఎరువు కారులలో మూడు పందాలు నడిపాడు. ప్రపంచ విజేతకు అదొక నిరుద్యోగపు సంవత్సరం. ఫాంజియో ఒక్కొక్కటే గెలుచుకుపోతున్నాడు. తొందరపెట్టే యజమాని, ఎదురుచూచే డ్రైవరు, వీరిద్దరి మధ్య యానో తన కారును సిద్ధం కాకముందు బయటికి పంపలేదు. 1937 లో హడావుడి కారుకు ఆయన చెల్లించిన మూల్యం తెలిసినవారికి ఈ పట్టుదల అర్థమవుతుంది.

1954 అక్టోబరు 24 న, ఆ ఏటి చివరి పందెంలో, బార్సెలోనా నగరపు పెద్రాల్బెస్ వీథుల్లో డి 50 మొదటిసారి లోకం ముందుకు వచ్చినది. సాధనలోనే అస్కారీ ఫాంజియో మెర్సిడెస్‌ను మించి అందరికంటె ముందు స్థానం సంపాదించాడు. పందెంలో ముందుకు దూసుకుపోయాడు. పది చుట్లు తిరగకముందే క్లచ్చి చెడి ఆగిపోయాడు. రెండవ లాంచియా అంతకు ముందే ఆగినది. ఫలితాల పట్టికలో ఆ కారులకు స్థానం లేదు. అయినా మెర్సిడెస్‌ను నిజంగా ఓడించగల కారు వచ్చినదని చూచినవారందరికి బోధపడినది.

1955 జనవరిలో అర్జెంటీనా ఎండల్లో మూడు లాంచియాలూ పందెం ముగించలేకపోయినవి. మార్చిలో సొంత ఊరు ట్యూరిన్‌లోను, మేలో నేపుల్స్‌లోను అస్కారీ గెలిచాడు. అవి ప్రపంచ విజేత లెక్కలోకి రాని పందాలు. ఆ లెక్కలోకి వచ్చేది మే 22 న మొనాకోలో.

మొనాకో పందెపు బాట సముద్రపు ఒడ్డున రేవు పక్కగా సాగుతుంది. ఫాంజియో కారు చెడినది. వంద చుట్ల పందెంలో ఎనభయ్యో చుట్టుకు అందరికంటె ముందున్న మాస్ అనే ఇంగ్లీషు డ్రైవరు మెర్సిడెస్ పొగలు కక్కుతూ ఆగినది. అస్కారీ మొదటి స్థానంలోకి వచ్చినట్లే. ఆ చుట్టు పూర్తి కాకముందే రేవు దగ్గర మలుపులో డి 50 పట్టు విడిచినది. గడ్డిమోపులను, ఇసుక బస్తాలను చీల్చుకొని సముద్రంలో పడినది. కొన్ని క్షణాలపాటు నీటిమీద బుడగలు తప్ప మరేమీ కనిపించలేదు. తరువాత అస్కారీ తల పైకి వచ్చినది. ముక్కు ఎముకకు దెబ్బ, కొన్ని గాయాలు. ప్రాణానికి అపాయం తప్పినది.

నాలుగు రోజుల తరువాత ఆయన మిత్రుడు కస్తెల్లొత్తీ కొత్త ఫెరారీ కారును పరీక్షిస్తూ ఉండగా చూడడానికి మోంజా వెళ్లాడు. శకునాలను గట్టిగా నమ్మే మనిషి. తన నీలిరంగు శిరస్త్రాణం తప్ప మరొకటి ధరించేవాడు కాడు. ఆనాడు అది వెంట లేదు. మిత్రుని శిరస్త్రాణం పెట్టుకొని, మెడలో టై కూడ తీయకుండ, కొద్ది చుట్లు తిరిగివస్తానని బయలుదేరాడు. మూడవ చుట్టులో కారు బోల్తా పడినది. ఆ ప్రమాదానికి కారణం ఇదని ఎవ్వరూ తేల్చలేకపోయారు. అది యానో కట్టిన కారు కాదు. అయినా తండ్రి మరణవార్త విన్న చెవులే కొడుకు మరణవార్త కూడ వినవలసివచ్చినది.

జాన్ని లాంచియా ధైర్యం, ధనం రెండూ అయిపోయినవి. కంపెనీ అప్పుల్లో మునిగి ఉన్నది. జూను 5 న బెల్జియం పందానికి కస్తెల్లొత్తీ బతిమాలి ఒక్క డి 50 ని తీసుకువెళ్లాడు. 24 ఏండ్ల ఆ యువకుడు సాధనలో అందరికంటె వేగంగా నడిపాడు. పందెంలో గేర్లపెట్టె చెడినది. అది లాంచియా పేరుతో డి 50 కి చివరి మహాపందెం. జులైలో అప్పగింత. ఫియట్ కంపెనీ మధ్యవర్తిత్వం వహించి ఫెరారీకి ధనసహాయం కూడ ఏర్పాటు చేసినది. 1923 లో యానోను పిలవడానికి ట్యూరిన్ వెళ్లిన యువకుడు ఇప్పుడు యజమాని. ఆనాటి శిల్పి ఇప్పుడు అతని సలహాదారు.

ఫెరారీ పనివాళ్లు డి 50 ని మార్చడం మొదలుపెట్టారు. పెట్రోలులో అధికభాగం మళ్లీ తోకలోకి వెళ్లినది. పక్క ట్యాంకులు ఒడలిలో కలిసిపోయి రూపానికే మిగిలినవి. యానో కొత్త ఊహలు ఒకటొకటిగా తొలగినవి. కారు మొరటుదైనది, కాని మచ్చికైనది కూడ. పట్టు తప్పేముందు డ్రైవరుకు కబురు చెప్పడం నేర్చుకొన్నది. 1956 లో ఫాంజియో దానితో ప్రపంచ విజేత అయ్యాడు. ఆ ఏడు ప్రపంచ విజేత లెక్కకు వచ్చిన మహాపందాలలో అయిదింటిని ఆ కారులే గెలిచినవి: మూడు ఫాంజియో చేతిమీదుగా, రెండు పీటర్ కాలిన్స్ అనే ఇంగ్లీషు యువకుని చేతిమీదుగా. చివరి పందెంలో ఫాంజియో కారు చెడగా కాలిన్స్ తనకున్న అవకాశం వదులుకొని తన కారును ఆయనకిచ్చాడు.

యానో పటంమీద గీసిన కారు ప్రపంచ విజేత లెక్కకు వచ్చే పందెం ఒక్కటైనా గెలవలేదు. ఆయన ఊహలు తీసివేసిన కారు గెలిచినది. దీనినిబట్టి యానో ఊహలే తప్పని తీర్పు చెప్పేవారున్నారు. ఆ తీర్పు తొందరపాటు. డి 50 లాంచియా చేతిలో మహాపందాలలో తిరిగినది పట్టుమని ఎనిమిది మాసాలు కూడ లేదు. పి 3 కి దక్కిన నిలకడ దానికి దక్కలేదు. అయితే మొనాకో రేవు సంగతి కూడ మరువరాదు. అస్కారీ వంటివాని చేయి కూడ ఒక్క క్షణం ఏమరితే చాలునన్నంత దగ్గరగా యానో ఆ హద్దును గీశాడు.

మోదెనాలో ఫెరారీ కుమారుడు దీనో మంచం పట్టి ఉన్నాడు. కండరాలు క్రమంగా క్షీణించే వ్యాధి. యంత్రవిద్య చదువుకొన్న బాలుడు. ఆ శీతకాలపు సాయంకాలాల్లో తండ్రితోబాటు యానో ఆ మంచం పక్కన కూర్చుని కొత్త ఇంజను గురించి చర్చించేవాడు. సిలిండర్లు నాలుగా, ఆరా, ఎనిమిదా అనే విషయం చాలాకాలం నడిచినది. చివరకు వి ఆకారంలో ఆరు అని తేలినది. 1956 జూను 30 న, 24 వ ఏట, దీనో మరణించాడు. ఇంజను కొన్ని నెలల తరువాత మొదటిసారి తిరిగినది. దానికి ఫెరారీ కొడుకు పేరు పెట్టాడు. గీసినది యానో.

1958 లో ఆ ఇంజనుతో తయారైన ఫెరారీ 246 కారు మైక్ హాథార్న్‌ను ప్రపంచ విజేతను చేసినది. ముందు భాగంలో ఇంజను ఉన్న కారుతో ఆ బిరుదం సంపాదించిన చివరి డ్రైవరు ఆయనే. ఆ ఏడాదే రాన్స్‌లో లుయీజి ముస్సో, న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో పీటర్ కాలిన్స్ అదే జాతి కారులలో మరణించారు. అంతకు ముందు ఏడు మోదెనాలో కస్తెల్లొత్తీ మరొక ఫెరారీని పరీక్షిస్తూ పోయాడు. పందాలు చాలించుకొన్న హాథార్న్ 1959 జనవరిలో ఇంగ్లండులో మామూలు రోడ్డుమీద తన సొంత కారు ప్రమాదంలో మరణించాడు. డి 50 ని, దాని తరువాతి కారును నడిపినవారిలో పలువురు ముసలితనం చూడలేదు.

యానో మితభాషి. ఆ మరణాల గురించి పత్రికలకెక్కినవాడు కాడు. పందెంలో గెలిచిన రోజున ఛాయాచిత్రాలలో ఆయన వెనుక వరుసలో, కోటు, టోపీతో, బ్యాంకు ఉద్యోగివలె కనిపిస్తాడు. పనివాళ్లు ఆయనను కఠినుడని భయపడేవారు. చిన్న బోల్టు కూడ ఎందుకున్నదో చెప్పలేని పటాన్ని ఒప్పుకొనేవాడు కాడని ప్రతీతి.

ఫెరారీవలెనే ఆయనకూ పుత్రశోకం తప్పలేదు. కొడుకు ముందు గతించాడు. తనను తీవ్రవ్యాధి ఆవరించినది. 1965 మార్చి 13 న ట్యూరిన్ నగరంలో, 73 వ ఏట, తన ప్రాణాన్ని తానే ముగించుకొన్నాడు. సుమారు రెండు సంవత్సరాల అనంతరం ఫియట్, ఫెరారీ కలిసి ఆ ఆరు సిలిండర్ల ఇంజను వంశంలోనిదానిని బజారు కారులలో పెట్టి అమ్మడం ప్రారంభించినవి. ఆ కారుల ఒడలిమీద వ్రాసి ఉన్న పేరు దీనో.